మా ఇంటికి శాస్త్రం లేదా?

"అక్కా, లా చదవొచ్చు, ఇంజనీరింగు చదవొచ్చు. పోయి పోయి యూనివర్సిటీలో హోమ్ సైన్స్ చదివావేంది? ఆడవాళ్ళని వంటింట్లోంచి బయటికి రమ్మని మేం చెప్తుంటే నువ్వు వంటిల్లే చదువుకొచ్చావు" అని మన కార్యకర్తలు కొందరు నన్ను అడుగుతుంటారు. మా అమ్మ ఇంకోరకంగా అడిగింది. "ఇల్లూడవటం నేర్పటానికి ఊనివర్సిటీ ఎందుకే? ఆసామి గొడ్లచావిడి నలభై ఏళ్ళు ఊడ్చానే, నాకెవరిచ్చారే పట్టా?" నవ్వులాటగానే అంది. కానీ ఈ చదువుని అడగాల్సిన అసలు ప్రశ్న అదే. ఇంటిపని శాస్త్రమే అయితే, తరతరాలుగా ఊరివాళ్ళ చావిళ్ళూ వాకిళ్ళూ బాగుచేసిన మా ఆడోళ్ళు ఆ శాస్త్రానికి ఏమవుతారు?

ముందు కార్యకర్తలకు జవాబు చెప్తా. వంటింట్లోంచి బయటపడాలన్నది వంటింట్లో ఉండగలిగిన వాళ్ళ ఆశ. మా ఆడోళ్ళు తెల్లారక ముందే బయట పడ్డోళ్ళు. వేరేవాళ్ళ చేలల్లో, వేరేవాళ్ళ పెంటదిబ్బల దగ్గర. తన ఇంట్లో తన పొయ్యి ముందు తీరిగ్గా కూర్చోటమే మా అమ్మకి దొరకని సుఖం.

1990ల్లో మాకు గృహ నిర్వహణలో వంటింటి ప్లాను గీయించేవాళ్ళు. పొయ్యి, సింకు, ఫ్రిజ్ మూడూ కలిపి త్రిభుజం గీయాలి. ఇల్లాలికి అడుగులు తగ్గాలి. ఆడమనిషి కాళ్ళనొప్పిని లెక్కలోకి తెచ్చిన చదువుని నేను చులకన చెయ్యను. అయితే మా గూడెంలో పొయ్యంటే వాకిట్లో మూడు రాళ్ళు. నీళ్ళేమో ఊళ్ళో బావిలో. ఆ బావి గట్టు మేం ఎక్కకూడదు. ఎవరైనా దయతలచి తోడిపోసేదాకా కడవ పెట్టుకుని నిలబడాలి. పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవాలన్నా ఆసామి చేనుగట్టుకే పోవాలి. మా అమ్మ త్రిభుజానికి ఒక మూల ఇంట్లో ఉంటే రెండు మూలలు ఊరి చేతిలో ఉన్నాయి. సింకు జరిపితే ఆమె అడుగులు తగ్గవు.

ఈ చదువుకి అమెరికాలో పునాది వేసిన ఎలెన్ రిచర్డ్స్ రసాయన శాస్త్రవేత్త. 1887లో మసాచుసెట్స్ రాష్ట్రంలో నీళ్ళన్నిటినీ పరీక్షించే పని మొదలైతే ప్రయోగశాలలో ఆ పని చేయించింది ఆమె. 1899లో లేక్ ప్లాసిడ్‌లో ఆమె అధ్యక్షతన మొదలైన సమావేశాలతోనే హోమ్ ఎకనామిక్స్ ఒక చదువుగా నిలబడింది. అంటే ఈ శాస్త్రానికి నీళ్ళతో పాతచుట్టరికం ఉంది. మా క్లాసులో నీళ్ళు కాచటం, వడగట్టటం నేర్పారు. ఆ నీళ్ళు ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ తనవాళ్ళతో నడిచెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. పరిశుభ్రత పాఠంలో మొదటి తారీకు అది కావాలి. నీళ్ళియ్యకుండా శుభ్రత లేదని మనిషిని అసహ్యించుకోటం ఏం నీతి?

ఇక తిండి. తక్కువ ఆదాయ కుటుంబానికి మెనూ రాయమన్నారు. తక్కువ ఆదాయమంటే ఏందో ఆ క్లాసులో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? జొన్నన్నం, గోంగూర, ఎండబెట్టిన పెద్దమాంసం తునకలు అని రాశా. తునకల మీద ఎర్రగీత పడింది. సోయాచిక్కుళ్ళు రాయమన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో వేసిన పట్టికలే మేమందరం చూసేది. అందులో గొడ్డుమాంసం ఉంది. 100 గ్రాముల్లో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులని ఉంది. ఆ పేజీ నంబరు వేసి మళ్ళీ అదే మెనూ రాసిచ్చా. మార్కులు తగ్గాయి. శాస్త్రం మా తిండిని తప్పనలేదు. దాన్ని చేతపట్టుకున్న కులం అంది. ఈ రెంటికీ తేడా తెలియటమే నాకు ఆ చదువు చేసిన మేలు.

ఇది ఒక రికార్డు పుస్తకంతో పోయే గొడవ కాదు. 2001లో సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన అన్నం పెట్టమంది. 2004 ఏప్రిల్‌లో వంటమనుషుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యత ఇమ్మంది. దళిత స్త్రీ వండిందని పిల్లల్ని ఆ అన్నం తిననీయని తల్లిదండ్రులు దేశంలో చాలాచోట్ల బయల్దేరారు. పప్పు తూచి, కేలరీలు లెక్కగట్టి పెట్టినా ఆ కంచంలో అన్నం ఎందుకు మిగిలింది? పోషకాహార శాస్త్రం దీనికి జవాబు చెప్పాలా, వద్దా? అది మా పని కాదంటే, పిల్ల కడుపు నింపటం కూడా వాళ్ళ పని కాదన్నట్టే.

ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో హోమ్ సైన్స్ పేరు కమ్యూనిటీ సైన్స్ అయింది. మంచిదే, ఇల్లు దాటి సమాజం దాకా వచ్చారు. కానీ మన దేశంలో సమాజమంటే ఊరొకటి, వాడొకటి. ఎక్కడ నిలబడి కొలుస్తున్నారో ముందు చెప్పమని అడగాలి. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, అడగాలంటే మన పిల్లలు ఆ ప్రయోగశాలల్లో ఉండాలి. అందుకే ఈ చదువు వదలొద్దంటున్నా. మా అమ్మ పనిని ఇన్నాళ్ళూ ఎవరూ తూచలేదు. ఆ తక్కెడ ఇప్పుడు మనమే పట్టుకోవాలి.