సుఖమూ, నీతీ: ఒక చిన్న ఎంపిక గురించి

నీతికి సంబంధించిన ప్రశ్నలను పెద్ద సందర్భాలలోనే చర్చించాలన్న అభిప్రాయం మన విమర్శకులలో పాతుకుపోయి వుంది. యుద్ధం, ఆకలి, భూమి, కులం - ఇవి చర్చనీయాంశాలు. తలుపు మూసిన గదిలో ఒంటరి స్త్రీ తన దేహం గురించి ఏమనుకుంటుందన్నది చర్చనీయాంశం కాదు. కొన్నేళ్ళ క్రితం వరకు నా అభిప్రాయం కూడా ఇదే. అది తప్పని నాకు ఏ గ్రంథమూ చెప్పలేదు. నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న ఒక అమ్మాయి చెప్పింది.

ఆమెది కోరుట్ల దగ్గర పల్లె. భర్త గల్ఫ్‌లో కూలి. రెండేళ్ళకొకసారి సెలవు మీద వస్తాడు. ఒకనాడు కరీంనగర్‌లో మా యింటికి వచ్చి, పిల్లల సంగతులూ అత్తగారి సంగతులూ చాలాసేపు చెప్పి, లేవబోతూ తల వంచుకుని అడిగింది: "మేడం, ఫోన్ల చూసిన. ఆడోళ్ళు ఒంటరిగ వాడుకునేటి మిషన్లు రెండు రకాలున్నయట. ఒకటి అదురుతదట, ఒకటి గాలి గుంజుతదట. ఏది మంచిదో తెలుస్తలేదు. ఎవర్నడగాలె?"

"అది నీ సొంత విషయమమ్మా, నేనేం చెప్తాను?" అన్నాను. చాలా ఉదారంగా మాట్లాడాననే అనుకున్నాను. ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఎవరినీ అడగలేక, అన్నిటికంటె చవకైనది తెప్పించుకున్నదని తర్వాత తెలిసింది. పెట్టె మీద మెడనొప్పి యంత్రమని వున్నదట. విప్పితే ఘాటైన ప్లాస్టిక్ వాసన. వాడితే దద్దుర్లు, మంట. డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గు. మూడు వారాలు ఓర్చుకున్నది. నేను ఉదారత అనుకున్నదాని అసలు పేరు పిరికితనమని అప్పుడు నాకు బోధపడింది.

"నీ యిష్టం" అనడం స్వేచ్ఛ నివ్వడం కాదు. ఎంచుకోవడానికి కావలసిన జ్ఞానాన్ని దాచిపెట్టి ఎంచుకోమనడం ఒక రకం మోసం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఈ ప్రశ్న మన ప్రాంతంలో ఎందుకు పుట్టిందో ముందు చూడాలి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి - ఈ మూడు మాటల్లో ఉత్తర తెలంగాణ బతుకు ఇమిడివున్నదని మన పెద్దలంటారు. సిరిసిల్ల నేతగాడు భివండీ మరమగ్గాలకు పోయాడు. మంచిర్యాల, గోదావరిఖని బొగ్గుగనుల కార్మికుడు రాత్రి షిఫ్టుకు దిగాడు. 1970ల తర్వాత జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల రైతుబిడ్డ ఎడారికి పోయాడు. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలై కొత్త జిల్లాలు వచ్చాయి గాని ఈ పోవడం ఆగలేదు. పోయినవాడి కష్టం మీద మనకు పాటలున్నాయి, కథలున్నాయి; వుండవలసిందే. ఇంట్లో వున్న మనిషి ఎత్తులేని బరువు మోస్తూ, వెయ్యి బీడీలకు ఇంతని కూలి లెక్కన బీడీలు చుడుతూ పిల్లలను చదివిస్తున్నది. ఆమె త్యాగాన్ని మనం పొగిడాం. ఆమెకు ఒక దేహముందనీ, ముప్ఫై ఏళ్ళ వయసులో ఆ దేహానికి కోరిక వుంటుందనీ ఒప్పుకోలేదు. ఊరు ఒప్పుకున్నది ఒక్క రూపంలోనే - అనుమానం రూపంలో. ఆమె ఎవరితో మాట్లాడింది, ఫోను ఎంతసేపు పట్టుకున్నది అని కాపలా కాయడానికి మాత్రం ఆమె కోరిక అందరికీ గుర్తుంటుంది.

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక, ఈ మౌనంలో సాహిత్యం పాలు ఎంత అన్న ప్రశ్న నన్ను వదలదు. స్త్రీ అంగాంగ వర్ణన మన ప్రబంధాలలో కావలసినంత వుంది. అయితే అక్కడున్నది చూసేవాడి కన్ను. అనుభవించే స్త్రీ గొంతు కాదు. 18వ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'లో ఆ గొంతు వినిపించింది. అందులో రాధ కోరేది, అలిగేది, సాంత్వన పొందేది. ఆ కావ్యాన్ని వీరేశలింగం పంతులుగారు అసభ్యమని నిరసించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి ప్రకటిస్తూ, ఈ సిగ్గూ మర్యాదా స్త్రీలకేనా, పురుష కవులకు వర్తించవా అని నిలదీసింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగడానికి 1947 రావలసి వచ్చింది. వితంతు వివాహం కోసం నిందలు మోసిన సంస్కర్తే స్త్రీ సుఖం దగ్గరకు వచ్చేసరికి వెనకడుగు వేశాడంటే, అది ఒక వ్యక్తి లోపం కాదు. సంస్కరణ స్త్రీని బాధితురాలిగా అంగీకరించగలిగింది. కోరిక గల మనిషిగా అంగీకరించలేకపోయింది.

విజ్ఞానశాస్త్రం కూడా ఈ దోషానికి అతీతం కాదు. స్త్రీ సుఖానికి ప్రధాన కేంద్రమైన అవయవాన్ని మన వైద్య పరిభాష భగాంకురం అంటుంది. ఇంగ్లీషు పేరు క్లిటోరిస్. ఇంట్లో స్త్రీలు సిగ్గుపడకుండా పలకగలిగిన తెలుగు మాట దానికి లేదు. ఒకటి నిఘంటువు మాట, మిగిలినవి తిట్లు. బయటకు కనిపించే చిన్న మొన మాత్రమే ఆ అవయవం కాదనీ, లోపల యోనికి ఇరువైపులా విస్తరించిన పెద్ద నిర్మాణమనీ ఆస్ట్రేలియా వైద్యురాలు హెలెన్ ఒకానెల్ 1998లో శవపరీక్షల ఆధారంగా ప్రకటించి, పాఠ్యగ్రంథాల వర్ణనలు అరకొరవని చూపింది. దాని నాడీతంతువులు ఎనిమిది వేలని చాలాకాలం చెప్పుకున్న లెక్క పశువుల మీది పరిశీలన నుంచి వచ్చింది. మానవ స్త్రీలలో లెక్కిస్తే పది వేలకు పైగా వున్నాయని అమెరికాలో ఒక బృందం 2022లో తెలిపింది. మనిషి చంద్రుని మీద కాలు మోపి అర్ధశతాబ్దం దాటిన తర్వాత ఈ లెక్క తేలింది.

ఇక ఆ అమ్మాయి అడిగిన రెండు రకాల సంగతి.

అదిరే యంత్రాన్ని వైబ్రేటర్ అంటారు. లోపల చిన్న మోటారు, దాని ఇరుసుకు ఒకవైపు బరువు. తిరిగినప్పుడు ఆ అసమతౌల్యమే అదురుగా మారుతుంది. కొన్ని ఫోన్లు అదిరేదీ ఈ సూత్రం మీదనే. 1880లలో ఇంగ్లండులో గ్రాన్‌విల్ అనే వైద్యుడు విద్యుత్తుతో పనిచేసే ఇలాంటి సాధనాన్ని నొప్పుల చికిత్సకు తయారుచేశాడు. స్త్రీ రోగులపై తాను వాడలేదని కూడా రాశాడు. ఆ కాలపు వైద్యులు స్త్రీల 'హిస్టీరియా'ను దీనితోనే నయం చేసేవారని 1999లో ఒక చరిత్రకారిణి రాయగా ఆ కథ లోకమంతా పాకింది. దానికి ఆధారాలు లేవని 2018లో ఇద్దరు పరిశోధకులు మూలాలన్నీ తిరగేసి చూపారు. స్త్రీ సుఖం గురించిన కథలో కూడా కర్త పురుష వైద్యుడే కావడం లోకానికి నచ్చిందన్న మాట.

గాలితో పనిచేసేది ఇటీవలిది. జర్మనీలో మైకేల్ లెంకే రూపొందించిన ఉమనైజర్ 2014లో బజారుకు వచ్చిన తర్వాత ఈ రకం వ్యాపించింది. పేరుకు పీల్చేదే గాని, అది నిజంగా ఎడతెగకుండా పీల్చదు. చిన్న గిన్నె వంటి మూతిని ఆ మొన చుట్టూ ఆనించినప్పుడు లోపలి గాలి ఒత్తిడి వేగంగా హెచ్చుతూ తగ్గుతూ వుంటుంది. ఆ తరంగాలే పని చేస్తాయి.

భేదం ఇక్కడే వున్నది. వైబ్రేటర్ చర్మాన్ని నేరుగా తాకి, అదురును విశాలమైన చోటికి పంచుతుంది. ఎక్కడ ఆనించాలో, ఎంత ఒత్తాలో మార్చుకోవచ్చు; గుడ్డ మీదనుంచి కూడా వాడవచ్చు; ధర తక్కువ. లోపం ఏమంటే, బలమైన అదురు ఎక్కువసేపైతే ఆ చోటు మొద్దుబారినట్టవుతుంది. అది కాసేపటికి పోయేదే, శాశ్వత నష్టమని భయపడనక్కరలేదు. పెద్ద సైజువి బరువు. పొద్దస్తమానం బీడీలు చుట్టి వేళ్ళు పీకే మనిషికి చెయ్యి మరింత నొస్తుంది. గాలి సాధనంలో నేరు రాపిడి తక్కువ; తాకితే నొప్పిగా వుండేవారికి, వయసు పెరిగి చర్మం పలచబడినవారికి అది సుఖంగా వుండవచ్చు. అయితే అది ఒక్క బిందువు మీదనే పనిచేస్తుంది, మూతి సరిగ్గా అమరకపోతే పనిచేయదు, కొందరికి ఆ తీవ్రత భరింపరానిది, ధర హెచ్చు. సరిగ్గా ఆనితే చప్పుడు తగ్గుతుంది, తొలగితే పెరుగుతుంది. పలచని గోడ అవతల అత్తగారు పడుకునే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

రెంటికీ సమానమైన నియమాలు కొన్ని వున్నాయి. వైద్యానికి పనికివచ్చే రకం సిలికాన్ మంచిది. వాసన కొట్టే మెత్తని ప్లాస్టిక్ రంధ్రాలు గలది, దాన్ని పూర్తిగా శుభ్రం చేయలేము. సిలికాన్ సాధనానికి నీటితో చేసిన లూబ్రికెంట్ వాడాలి. వాడిన ప్రతిసారీ, నీళ్ళు లోపలికి పోని రకమైతే మెత్తని సబ్బుతో కడగాలి, కాకపోతే తడిగుడ్డతో తుడవాలి. మంట గాని రక్తం గాని కనిపిస్తే ఆపి, సిగ్గు విడిచి డాక్టరును చూడాలి.

ఈ నియమాలు పెట్టె మీద ఎందుకుండవు? వస్తువు తన పేరు చెప్పుకోలేదు గనుక. అశ్లీల వస్తువుల అమ్మకాన్ని శిక్షించే శిక్షాస్మృతి 292వ సెక్షను 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 294 అయింది. అంకె మారింది గాని అశ్లీలమంటే ఏమిటన్న తగాదా మారలేదు. దిగుమతులను ఆపడానికి 1964 నాటి కస్టమ్స్ ఉత్తర్వు ఒకటుంది. దాని కింద ఒక కంపెనీ తెప్పించిన బాడీ మసాజర్లను అధికారులు పట్టుకోగా, అవి నిషిద్ధ వస్తువులు కావని బొంబాయి హైకోర్టు 2024లో తేల్చింది. ఈ చట్టాల గురి వ్యాపారం మీద. తన గదిలో వాడుకునే వయోజనురాలి మీద కాదు. అయినా చట్టం నీడలో వస్తువు మారుపేరుతో తిరుగుతుంది. మెడనొప్పి యంత్రమని అమ్మినదాన్ని మరొక చోట వాడి దద్దుర్లు వస్తే ఎవరిని నిలదీయాలి? ఇలాంటి సాధనాల భద్రతకు 2021లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. పేరే చెప్పుకోలేని వస్తువు దాన్ని పాటించిందో లేదో కోరుట్లలో వున్న స్త్రీకి తెలిసేదెట్లా? సిగ్గు వల్ల లాభపడేది నీతి కాదు, నాసిరకం సరుకు.

మన శిబిరంలోంచి వచ్చే ఆక్షేపణలు రెండు. ఇదంతా బూర్జువా విలాసమనేది మొదటిది. దానికి బలంగా క్లారా జెట్కిన్ స్మృతులలోని లెనిన్ సంభాషణను చూపిస్తారు. కామం తీర్చుకోవడం గ్లాసు నీళ్ళు తాగినంత తేలికన్న సిద్ధాంతాన్ని ఆయన ఖండించిన మాట నిజం. ఆయన కారణం ఏమిటో కూడా చూడాలి: ప్రేమలో ఇద్దరి జీవితాలున్నాయి, మూడో జీవితం పుట్టవచ్చు, కనుక సమాజానికి అందులో బాధ్యత వుంది. ఒంటరి స్త్రీ తన గదిలో పొందే సుఖంలో రెండో మనిషీ లేడు, మూడో మనిషీ పుట్టడు. కారణం వర్తించని చోట తీర్పును వర్తింపజేయడం భౌతికవాదం కాదు, మఠాధిపతుల పద్ధతి. 1923లోనే కొల్లొంతాయ్ శ్రామిక యువతకు ప్రేమను గురించి బహిరంగ లేఖ రాసింది. ఆ చర్చను మనం మధ్యలో వదిలేశాం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలతో 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవారికి, సొంత బతుకు సంగతులు వచ్చేసరికి ఉద్యమం ఎంత తడబడిందో తెలుసు.

రెండో ఆక్షేపణ బరువైనది. మనిషికి మనిషి కావలసిన చోట యంత్రాన్ని పెట్టడం పరాయీకరణ కాదా? పెట్టుబడి భర్తను ఎడారికి పంపి, ఆ ఒంటరితనాన్నే మళ్ళీ సరుకుగా చేసి భార్యకు అమ్మడం లేదా? అమ్ముతున్నది, నిజమే. ఆ సాధనాలలో అధికభాగం చైనా ఫాక్టరీలలో తయారవుతాయి. అక్కడ మోటార్లు బిగించే చేతులూ ఇల్లు విడిచి వచ్చిన కూలీలవే. కనుక ఈ యంత్రం విముక్తి అని నేననను. పదేళ్ళ ఎడబాటును ఏ మోటారూ తీర్చలేదు. ఆమె కోల్పోయింది స్పర్శనే కాదు, తోడును. ఊళ్ళోనే బతుకుదెరువు, పోయినవాడికి సెలవు హక్కు - వీటికోసం చేయవలసిన పోరాటం మిగిలే వుంది. అయితే ఆ పోరాటం గెలిచేదాకా కోరికను వాయిదా వేసుకొమ్మని ఆమెకు చెప్పే అధికారం మనకెక్కడిది? ఆకలిగొన్నవాడితో, సమసమాజం వచ్చాక తిందువుగాని అని మనం అనం.

ఆ అమ్మాయి ఈ మధ్య మళ్ళీ వచ్చింది. ఈసారి లేవబోయేదాకా ఆగకుండా నేనే ఎత్తుకున్నాను. పైన రాసినదంతా ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. రెంటిలో ఏది గొప్పదన్న ప్రశ్నకు జవాబు లేదనీ, ఏది తనకు తగినదన్న ప్రశ్నకే జవాబుందనీ, అది తన దేహం దగ్గరే వున్నదనీ అన్నాను. "ముందు నీ చేత్తో తెలుసుకో. దానికి డబ్బు అక్కరలేదు. విశాలంగా, మెల్లగా హాయనిపిస్తే చిన్న వైబ్రేటర్ చాలు. తాకిడే కష్టమనిపించి, ఒక్కచోటే కావాలనిపిస్తే గాలిది చూడు. ధర చూసుకో; బీడీల కూలి ఎన్ని రోజులదవుతుందో లెక్క వేసుకో. వద్దనిపిస్తే అసలు కొనకు, అదీ ఎంపికే" అన్నాను.

ఆమె ఈసారి తల వంచుకోలేదు. "ఇంత సంగతి మొదలే చెప్తే ఏం పోయేది మేడం?" అన్నది.

ఏమీ పోయేది కాదు. ఆ మాట అన్నది నన్నే అయినా, పాఠాలు చెప్పే వృత్తిలో వున్న మనందరం జవాబుదారులమే.