అన్నము – ఆదరము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు రాజధానియగు రాయపూరు చుట్టుపట్ల పల్లెలలో వేసవి దినములందు తెల్లవారగనే గృహస్థులు ఆరగించు ఆహారమునకు ‘బాసీ’ యని పేరు. రాత్రి వండిన అన్నమును నీటిలో నానవైచి, మరునాటి యుదయమున ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఏదేని ఆకుకూర చేర్చుకొని భుజింతురు. నాడు వండిన యన్నమునే చల్లార్చి నీరు పోసినచో అది ‘బోరే’ యగును. చద్దియన్నము, తరవాణి యెరిగిన తెలుగువారికి ఇందు వింత యేమియు లేదు. విజయనగరము నుండి రాయపూరునకు 1931లో ఇనుపదారి పూర్తియైన పిమ్మట కొలువులకును, వర్తకమునకును అచ్చటికి చేరిన తెలుగు కుటుంబములకు ఆ పళ్లెము పరాయిదిగా తోచియుండదు. మన గోంగూర సైతము అచ్చటి సంతలో ‘అమారీ భాజీ’ యను పేరుతో లభించుచున్నది. 2022వ సంవత్సరమున మే 1వ తేదీని శ్రామికుల గౌరవార్థము బోరే బాసీ భుజింపుడని ఆ రాష్ట్రప్రభుత్వము ప్రజలను కోరియుండెను.

అయితే ‘బాసీ’ యను మాటకు హిందీలో వేరొక యర్థము గలదు. పాతబడినది, నిలువయున్నది యని దాని భావము. ఇంటిల్లిపాది కోరి నానవైచుకొని యొక్కచోట కూర్చుండి తిను బాసీ వేరు. అందరును వేడివేడిగా తినిలేచిన పిదప, మిగిలినదేదో వసారాలోని ముసలమ్మ ముందర పెట్టు బాసీ వేరు. మాట ఒక్కటియే, అన్నమును ఒక్కటియే కావచ్చును. తినువారికి మాత్రము ఆ రెండును ఒక్కటి కావు.

భగవద్గీత పదునేడవ అధ్యాయమున తామసులకు ప్రియమైన ఆహారమును వర్ణించుచు భగవానుడు యాతయామము, గతరసము, పర్యుషితము, ఉచ్ఛిష్టము మున్నగు పదములను వాడినాడు. పర్యుషితమనగా వండిన పిమ్మట ఒక రాత్రి గడచినదని శంకరభగవత్పాదుల భాష్యము. దీనిని చేతబట్టి పేదరైతు చద్దిని తామసమని గర్హించువారు కొందరు కలరు. అక్షరమును బట్టి చూచినచో వారి మాటను కాదనుట కష్టమే. కాని ఆ వరుసలోనే ఉచ్ఛిష్టమనునది కూడ నున్నది గదా! ఒకరు తినగా మిగిలినదని దాని యర్థము. రైతు చద్దిని శంకించువారు తమ యింటి పెద్దలకు కడపట వడ్డింపబడునది యేమియో యొకపరి తరచి చూచుకొనిన మేలు.

వృద్ధుల భోజనమును గూర్చి మహాభారతమున ఒక ఘట్టము కలదు. తెలుగున తిక్కన సోమయాజి రచించిన ఆశ్రమవాస పర్వమున ఆ కథ వచ్చును. కురుక్షేత్ర సంగ్రామము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు పదునైదు సంవత్సరములు ధర్మరాజు నగరియందే యుండెను. ముసలిరాజు మనస్సు నొవ్వరాదని ధర్మరాజు తమ్ములను కట్టడి చేసెను. పూర్వమువలెనే నేర్పరులగు వంటవారు ఆయనకు రుచ్యములైన పదార్థములను సిద్ధము చేయుచుండిరి. కుంతియు ద్రౌపదియు గాంధారికి కోడండ్రవలె శుశ్రూష చేయుచుండిరి. ఏ లోటును లేదు. కాని భీమసేనుని యెడదలో పాత పగ చల్లారలేదు. ఒకనాడతడు చెలికాండ్ర నడుమ భుజములు చరచుకొని, గ్రుడ్డిరాజు కొడుకులను యమపురికంపిన చేతులివియేయని ధృతరాష్ట్ర గాంధారుల చెవినిపడునట్లు పలికెను. ధర్మరాజు దానిని ఎరుగడు.

అటుపిమ్మట ధృతరాష్ట్రుడు తన రహస్యమును కన్నీటితో వెల్లడించెను. చిరకాలముగా తాను నాలుగవ పూటకొకమారు, ఒక్కొక్కప్పుడు ఎనిమిదవ పూటకొకమారు దప్పిక తీరుటకు చాలినంత మాత్రమే పుచ్చుకొనుచున్నాననియు, కటికనేలపై పరుండుచున్నాననియు, ఈ సంగతి గాంధారి యొక్కతెకే తెలియుననియు చెప్పెను. ధర్మరాజునకు వెరచు పరిజనులందరును రాజు చక్కగా ఆరగించుచున్నాడనియే భావించుచుండిరి. పళ్లెరము వచ్చుచుండెను, పోవుచుండెను. ఎంత తగ్గినదని చూచువారు లేరైరి. అది విని ధర్మరాజు తన్నుతాను నిందించుకొనెను. ఒక్క కప్పు క్రింద నుండియు పెదతండ్రి ఉపవసించుట తెలిసికొనలేని రాజ్యమేల యని వగచెను. నిరశనమున సొమ్మసిల్లిన యా వృద్ధుని శరీరమును అతడు తన చేతితో నిమిరినప్పుడు, ఆ స్పర్శ తనకు అమృతమువలె నున్నదని ధృతరాష్ట్రుడు పలికెను. నాటికి ఆయన అన్నము ముట్టి ఎనిమిదవ పూట. వంటశాలలోని సమస్త భక్ష్యములును చేయలేని పనిని ఆ హస్తము చేసినది.

నేటి వైద్యశాస్త్రము చెప్పునదియు దీనికి దూరము కాదు. వార్ధక్యమున నాలుక రుచిని, నాసిక వాసనను గ్రహించు శక్తి సన్నగిల్లును. దప్పిక తెలియుటయు మందగించును; దేహమునకు నీరు కావలసియున్నను నోరు అడుగదు. దంతములు సడలిన పిమ్మట గింజలు, పండ్లు, గట్టికూరలు మానివేసి, మెత్తని అన్నముతోను, తేనీటిలో ముంచిన బిస్కత్తుతోను ప్రొద్దుపుచ్చుదురు. దానితో మాంసకృత్తులు చాలక కండ కరగును. కండ కరగగా నడక తడబడును. నడక తడబడినవారు సంతకు పోలేరు, వంటయింట నిలువలేరు. కావున తిండి మరింత తగ్గును. ఒంటరిగా తినువారు నలుగురితో తినువారికంటె తక్కువ తినుట తరచుగా కనవచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహారసూత్రములలో ఒకటి ప్రత్యేకముగా వృద్ధులకు సంబంధించినదే. పప్పు, పాలు, ఆకుకూరలు కొద్దికొద్దిగా, పలుమారులు, మెత్తగా వండి పెట్టుట వారికి హితము.

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున అరువదియేండ్లు నిండినవారు 10 కోట్లకు పైబడి యున్నారు. వారిలో ఎందరి సంతానము దూరనగరములందు, విదేశములందు నున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. రాయపూరు, భిలాయి పట్టణములలో ఉద్యోగవిరమణ చేసి, స్వస్థలమునకు మరలక, పిల్లలవద్దకు పోక, ఇరువురుగా మిగిలిన దంపతులను చూడవచ్చును. ఆ యిరువురిలో ఒకరు గతించిన నాడు రెండవవారి వంటయింటి పొయ్యి సగము ఆరిపోవును. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము అను వానినన్నిటిని భరణమున చేర్చినది. మంచిదే. ప్రక్కన కూర్చుండి ‘మరికొంచెము వేసికొనుడు’ అనవలెనని ఏ చట్టమును ఆజ్ఞాపింపజాలదు.

ఇక పెద్దల పక్షమున నొక మాట. ‘ఈ వయసున ఆకలి యేమున్నది’ యని చేయి కడుగుకొనువారి యందరి మాటయు వైరాగ్యము కాదు. ఒంటిపూట భోజనము, ఏకాదశి ఉపవాసము భగవచ్చింతనకై చేసినప్పుడు చిత్తము తేలికపడును. కోడలికి పని యెక్కువగునని, కుమారుని సంపాదనకు బరువగుదునని, ఎవరును పిలువలేదని మానివేసిన యన్నము వలన లోలోపల రోషము పెరుగును. ధృతరాష్ట్రుని ఉపవాసములో తపస్సును ఉన్నది, గాయమును ఉన్నది. అవి రెండును ఎంతెంత పాలో ఆయనకైనను తెలియునో లేదో. మితిమీరి తినువానికివలెనే బొత్తిగా తిననివానికిని యోగము కుదురదని గీత ఆరవ అధ్యాయము హెచ్చరించుచున్నది. తనకు ఆకలియైనదని నోరువిడిచి చెప్పుట వృద్ధులకు లాఘవము కాదు.

రాయపూరునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, రాజిమునకు చేరువలో చంపారణ్యమను క్షేత్రమున్నది. కాశినుండి తరలివచ్చుచున్న లక్ష్మణభట్టు, ఇల్లమ్మగారు అను తెలుగు దంపతులకు 1479లో అచ్చటనే వల్లభాచార్యులు జన్మించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన స్థాపించిన పుష్టిమార్గమున బాలకృష్ణునకు దినమునకు ఎనిమిది సేవలు జరుగును. ప్రాతఃకాలపు మంగళ మొదలు రాత్రి శయనము వరకు వేళకు తగిన పదార్థమును, ఋతువునకు తగినట్లు వేసవిలో చల్లనిదిగాను, చలికాలమున వెచ్చనిదిగాను నివేదింతురు. స్వామికి ఆకలిగా నున్నదాయని ఎవరును అడుగరు. వేళయైనంతనే పళ్లెరమును సిద్ధపరచి, తెర తీయక ముందే అది మరీ వేడిగా నున్నదేమోనని చూచుకొందురు. రాయపూరునుండి చంపారణ్యయాత్రకు పోయివచ్చు కుటుంబములు అనేకము. ఇంటికి చేరు వేళకు సాయంకాలమగును; కాలినొప్పిచే యాత్రకు రాలేక ఇంట నిలిచిన తల్లి వీధిగుమ్మమున కూర్చుండి, వారు తెచ్చు ప్రసాదమునకై చూచుచుండును.