సామాన్య పాఠకుడి మెచ్చుకోలు

సరదాగా చదివిన నవల గురించి "చాలా బాగుంది, కింద పెట్టబుద్ధి కాలేదు" అని పాఠకుడు చెప్పే మాట అతని ఇష్టాన్ని మాత్రమే తెలుపుతుందా, పుస్తకం గుణాన్ని కూడా తెలుపుతుందా? భారతీయ అలంకారశాస్త్రం ఈ ప్రశ్నను మరో రూపంలో అడిగింది: రసం ఎక్కడ ఉంటుంది?

భరతుడి రససూత్రాన్ని వ్యాఖ్యానించిన భట్టలోల్లటుడు రసం ముఖ్యంగా పాత్రదే అన్నాడు. శంకుకుడు దాన్ని నటుడి ద్వారా ప్రేక్షకుడు ఊహిస్తాడన్నాడు. పాత్ర సుఖదుఃఖాలు ఒక వ్యక్తికి కట్టుబడకుండా అందరివీ కావడాన్ని భట్టనాయకుడు సాధారణీకరణ అన్నాడు. కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు ఆ భావనను స్వీకరించి, రసాన్ని సహృదయుడి అనుభవంలోనే నిలిపాడు. పాఠకుడికి ఇంత గౌరవమిచ్చిన సిద్ధాంతాలు అరుదు. అయితే ఆ సహృదయుడు, కావ్యాలు చదివి చదివి మనసును అద్దంలా తేటపరచుకున్నవాడు.

మరి యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం', యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' వంటివి తీరిక వేళల్లో చదివేవారి మాటకు విలువ ఉందా? వస్తువును బట్టి లేదనడం కుదరదు. భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో శృంగారంతో పాటు భయానకమూ ఉంది. భయపెట్టిందన్న ఒక్క కారణంతో నవలను తక్కువ చేయడానికి ఆ జాబితాలో ఆధారం దొరకదు.

తేడా చదివే తీరులో ఉంది. అభినవగుప్తుడు తన 'అభినవభారతి'లో రసానుభవానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. మొదటిది, జరిగేది సంభవమని అనిపించకపోవడం. "ఇలా ఎక్కడైనా జరుగుతుందా?" అని విసుక్కునే పాఠకుడు శాస్త్రం చదవకుండానే సరిగ్గా దీన్నే పట్టుకుంటాడు. "కథ పక్కదారి పట్టింది" అన్న ఫిర్యాదు అప్రధానత అనే విఘ్నానికి దగ్గర. ఈ రెండు చోట్లా అతని మాట నమ్మదగిన సాక్ష్యం. సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడం మరో విఘ్నం. నాయిక కష్టంలో తన ఇంటి కష్టమే గుర్తొచ్చి ఏడ్చిన పాఠకుడి కన్నీరు నిజమైనదే, కానీ ఆ కన్నీరు నవల గొప్పతనానికి రుజువు కాదు.

పాశ్చాత్యుల్లో డేవిడ్ హ్యూమ్ 1757లో ప్రచురించిన వ్యాసంలో అభిరుచికి అభ్యాసం, పోల్చి చూడడం, పక్షపాతం లేకపోవడం అవసరమన్నాడు. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1790లో ఇంకాస్త లోతుకు వెళ్లాడు. నాకు ఇష్టం అనేవాడు ఎదుటివారి ఒప్పుకోలు కోరడు. అందంగా ఉంది అనేవాడు అందరూ ఒప్పుకోవాలని ఆశిస్తాడు. ఈ లెక్కన, నవలను పక్కింటివారి చేతిలో పెట్టి "మీరు చదివి తీరాలి" అని పట్టుబట్టే పాఠకుడు సొంత ఇష్టం గీత దాటేసినట్టే. కారణాలు చెప్పే బాధ్యత అప్పుడే మొదలవుతుంది.

కొత్తగా చదివిన పుస్తకం మీది అభిప్రాయానికి ఒక పరిమితి ఉంది: అందులో ఉత్కంఠ పాలు ఎంతో, రసం పాలు ఎంతో అప్పటికప్పుడు తేలదు. సి.ఎస్. లూయిస్ 1961లో వచ్చిన తన విమర్శ గ్రంథంలో పుస్తకాన్ని అది ఎలాంటి పఠనానికి చోటిస్తుందో దాన్ని బట్టి అంచనా వేయమన్నాడు. మళ్లీ మళ్లీ చదవడం మంచి పాఠకుడి గుర్తు అన్నాడు. ముగింపు తెలిసీ 'సెక్రటరీ'ని మరోసారి తీసిన పాఠకుడికి తర్వాత ఏమవుతుందన్న ఆత్రం ఉండదు. అప్పుడు అతను మెచ్చుకునేది సంభాషణనో, పాత్రల అభిమానాన్నో, కథ నడకనో అయి ఉంటుంది.