ఇచ్చినదా, గుంజుకున్నదా?

"ఇవ్వనిది తీసుకోను" అని రెండో శీలం చెప్పుకుంటాం. మరి సంక్రాంతికి ప్రైవేటు ట్రావెల్స్ వాళ్ళు టికెట్ రెండు మూడింతలు చేస్తే మనమే ఫోన్‌లో నొక్కి కడుతున్నాం కదా, అది ఇవ్వనిది ఎట్లా అవుతుంది అని ఒక ఉపాసకుడు అడిగాడు. మంచి ప్రశ్న. వద్దనే వీలున్నవాడు ఇస్తేనే ఇచ్చినట్టు. తల్లి ఆస్పత్రిలో ఉన్నవాడికి ఆ వీలేదీ? డీజిల్ పెరిగి ఛార్జీ పెంచడం వేరే సంగతి. మనలో ఆటో నడిపేవాళ్ళున్నారు. వానలో అడిగే రేటుకూ ఇదే శీలం.

2025 డిసెంబరు మొదట్లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. మిగతా విమానాల రేట్లు విపరీతంగా పెరిగాయి. సరిగ్గా బాబాసాహెబ్ పరినిర్వాణ దినాన, డిసెంబరు 6న, కేంద్రం హద్దు పెట్టింది: 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 దాటితే 18,000. (చైత్యభూమికి పోయే మనవాళ్ళు జనరల్ బోగీలోనే పోతారనుకోండి!)

చాలామంది పైలట్ల విశ్రాంతి నియమాన్ని తిట్టారు. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేశారు, 2024 జనవరిలోనే ప్రకటించారు. కంపెనీయే సరిపడా పైలట్లను పెట్టుకోలేదు. చివరికి ప్రభుత్వం ఆ కంపెనీకి నియమాల్లో కొన్నాళ్ళు సడలింపు ఇచ్చింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా పని గంటలు తగ్గించడానికి పాటుపడినవారు బాబాసాహెబ్. అలసినవాడి నిద్రను తీసుకోవడం కూడా ఇవ్వనిది తీసుకోవడమే. ఈసారి రాత్రి బస్సెక్కే ముందు, రెండో డ్రైవర్ ఉన్నాడా అని అడిగి చూడండి.