చాయ్ పంచడంలో ధమ్మం



మోర్తాడ్ నుంచి బోధన్ దాకా ఏ ఇంటికి పోయినా ముందుగాల వచ్చే మాట "చాయ్ తాగుతరా?" అనే. మర్యాదకు గుర్తు చాయ్. కానీ ఇదే చాయ్ దగ్గర మన తాతలు, తండ్రులు ఎంతో అవమానం దిగమింగారు. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల హోటళ్లలో రెండు రకాల గ్లాసులు ఉండేవి. ఊరోళ్లకు ఒకటి, వాడోళ్లకు ఒకటి. తాగినంక వాడోళ్లు తమ గ్లాసు తామే కడిగి పక్కకు పెట్టాలి.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటల్లో అందరి కోసం పెట్టిన పాత్రలను అంటరానితనం పేరుతో ఒకరికి ఇవ్వకపోవడం నేరమని 1955 చట్టం 4వ సెక్షన్ చెప్పింది. ఇప్పుడు పేపర్ కప్పు వచ్చింది. అందరూ అదే కప్పులో తాగి పారేస్తున్నరు. "ఇంకేముంది, భేదం పోయింది కదా" అంటరు కొందరు. నిజంగా పోయిందా? లేక గ్లాసు మాత్రమే పోయి, మనసులోని భేదం అట్లనే ఉందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే చాయ్ పుట్టిన చైనాను ఒకసారి చూడాలి.

చైనాలో తేయాకును ఆరు రకాలుగా చెప్తరు: ఆకుపచ్చ, పసుపు, తెల్ల, ఊలాంగ్, ఎర్ర, నల్ల. మనం బ్లాక్ టీ అనేదాన్ని వాళ్లు ఎర్ర టీ అంటరు. వాళ్ల నల్ల టీ వేరే, పు-ఎర్ లాంటిది. ఈ ఆరూ ఆరు చెట్లవి కావు. మొక్క జాతి ఒక్కటే. తెంపిన ఆకును వెంటనే వేడి చేస్తే పచ్చ టీ. వాడబెట్టి, నలిపి, గాలికి పూర్తిగా రంగు మారనిస్తే ఎర్ర టీ. సగంలో ఆపితే ఊలాంగ్. నిల్వపెట్టి పులియనిస్తే పు-ఎర్. భేదం పుట్టుకలో లేదు, చేసే పనిలో ఉంది. పుట్టుకతో ఎవరూ హీనుడు కాడు, చేసే కర్మతోనే అవుతాడని బుద్ధ భగవానుడు వసల సుత్తంలో బోధించింది మనకు తెలిసిందే.

ఆ దేశంలో చాయ్‌ను పెంచి పోషించినవాళ్లలో బౌద్ధ భిక్షువులు ముఖ్యులు. ధ్యానంలో నిద్ర రాకుండా చాయ్ తాగేవారు. మత్తు మనసును పడగొడుతుంది, చాయ్ మేలుకొల్పుతుంది. పంచశీలలో అయిదో శీలం పాటించేవాళ్లకు ఇది తగిన పానీయం. చాయ్ మీద వచ్చిన తొలి గ్రంథం 'ఛా జింగ్'ను 8వ శతాబ్దంలో రాసిన లు యూ దిక్కులేని పిల్లవాడు. ఒక భిక్షువు చేరదీసి ఆరామంలో పెంచాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చైనా పద్ధతిలో ఆకును పాలు, చక్కెరతో మరిగించరు. చిన్న కుండలో ఆకు వేసి వేడినీళ్లు పోసి నాననిస్తరు. నానుతున్న కొద్దీ రసం చిక్కబడుతుంది. అందుకని మొదటి కప్పు పలచగా, చివరి కప్పు చేదుగా వస్తుంది. పోసేవాళ్ల మనసులో ఏ కుట్రా లేదు. అయినా తాగేవాళ్లకు సమానంగా అందదు. దీనికి వాళ్లు ఒక ఉపాయం చేశారు. చాయ్ మొత్తాన్ని ముందు ఒక జగ్గులోకి వంపి, అక్కడి నుంచి కప్పుల్లో పోస్తరు. ఆ జగ్గు పేరు గోంగ్‌దావ్ బేయ్. అంటే న్యాయపు పాత్ర. జగ్గు లేకపోతే కప్పులన్నీ దగ్గర పెట్టి, చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెం పోస్తరు.

ఇక మన సంగతి చూడండి. మన చాయ్ ఒకే గిన్నెలో మరుగుతుంది, ఒకే జాలితో వడపోస్తం. అందరికీ ఒకటే రుచి. అక్కడ సహజంగా వచ్చిన తేడాను మనిషి తీసేశాడు. ఇక్కడ సహజంగా లేని తేడాను మనిషి గ్లాసు పేరుతో పెట్టాడు. చైనాలో ధనిక, పేద తేడాలు లేవని కాదు. ఆ జగ్గు నేర్పే పాఠం మాత్రం మనకు కావాలి.

మొదటి పాఠం: "నా మనసులో కులం లేదు" అంటే సరిపోదు. ఆ కుండలో కూడా ద్వేషం లేదు, అయినా ఒకరికి పలచన, ఒకరికి చేదు. సమానత్వానికి ఏర్పాటు ఉండాలి. అందుకే బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్ చెరువు నీళ్లు ముట్టారు, తర్వాత రాజ్యాంగం రాశారు. రెండో పాఠం: ఏర్పాటు ఒక్కటే ఉండి మైత్రి లేకపోతే అది పేపర్ కప్పు అవుతుంది. అందుకే ఆయన 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనకు ధమ్మాన్ని కూడా ఇచ్చారు.

ఈ పాఠం హోటల్ వాళ్లకే కాదు, మనకూ చెందుతుంది. మాల ఇంట్ల మాదిగ, మాదిగ ఇంట్ల మాల, ఇద్దరి కంటే కింద అని లెక్కగట్టిన ఉపకులాల వాళ్ల ఇంట్ల మనమందరం మనసు విప్పి చాయ్ తాగుతున్నమా? పొయ్యి కాడ నిలబడి చాయ్ పెట్టిన ఆడమనిషికి చివర మిగిలేది ఏంది? అడుగున మిగిలిన గుక్కెడు, అదీ చల్లారినంక. 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ చెప్పిన ప్రకృతి కథ గుర్తు చేసుకోండి. నేను చండాలినని ఆమె వెనుకాడితే, ఆనందుడు తాను అడిగింది నీళ్లనే గాని కులాన్ని కాదన్నాడు.

వచ్చే పున్నమికి విహారంలో ఇట్ల చేసి చూడండి. నీళ్లు కాగుతుంటే గిన్నె అడుగున చేప కళ్లంత బుడగలు లేస్తయి. లు యూ చెప్పిన గుర్తే ఇది. పచ్చ టీకి ఆ వేడి చాలు, సుమారు 80 డిగ్రీలు. ఎర్ర టీకైతే నీళ్లు తెర్లాలి. మనిషికి 150 మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి, రెండు మూడు నిమిషాలు ఉంచండి. ఆ రెండు నిమిషాలు మాట్లాడకుండా శ్వాసను గమనించండి. తర్వాత మొత్తం ఒక జగ్గులోకి వంపి, ఒకే తీరు గ్లాసుల్లో పోయండి. పోసే పని ఈసారి మగవాళ్లు చేయాలి. చాయ్ పెట్టినవాళ్లకు అందినంకనే అందరూ కలిసి మొదటి గుక్క తాగాలి.

జై భీమ్! నమో బుద్ధాయ!