ఇప్పచెట్టు ఏ గడిలో?

ప్రాథమిక తరగతుల్లో పిల్లల ఆలోచన ఒక దారిలో పడటానికి ఉపాధ్యాయులు బోర్డు మీద గీసే బొమ్మలు ఏ బడిలోనైనా దాదాపు ఒకటే: మధ్యలో ఒక మాట రాసి చుట్టూ గీతలు లాగే సాలెగూడు పటం, పెద్ద వర్గం నుంచి చిన్న వర్గాలకు దిగే చెట్టు పటం, ఒకదాని మీదొకటి పడే వలయాలు, గడుల పట్టిక. వీటిని బోధనకు పనికొచ్చే ఉపాయాలుగానే చూడటం అలవాటు. కానీ ప్రతి పటమూ లోకం గురించి ఏదో ఒకటి చెప్పకనే చెబుతుంది. చెట్టు పటం గీశామంటే ప్రతి వస్తువుకూ ఒకే చోటు ఉందని ఒప్పుకున్నట్టే. వలయాలు గీశామంటే ఒకే వస్తువు రెండు చోట్ల ఉండవచ్చన్నమాట. ఈ రెంటిలో ఏది నిజమన్నది తర్కశాస్త్రంలో పాత తగవు.

ఆ తగవులో తెలుగువారి వాటా తక్కువేమీ కాదు. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహాన్ని బాలలకు సులువుగా బోధపడేందుకే రాస్తున్నానని మొదట్లోనే చెప్పాడు. పదార్థాలు 7, వాటిలో ద్రవ్యాలు 9, గుణాలు 24, కర్మలు 5 అంటూ ఒక్క గీతైనా గీయకుండా చెట్టు పటాన్ని మాటలతోనే నిలబెట్టాడు. బాలుడంటే వ్యాకరణ కావ్యాలు చదివి తర్కం చదవనివాడని వ్యాఖ్యాతలు సర్దిచెప్పారు. అంటే ఆ బాలుడు రెండో తరగతి పిల్లవాడు కాడు.

చెట్టుకు ఒడంబడనివాటిని ఏం చేయాలన్నది అంతకు ముందే, 10వ శతాబ్ది చివరి నైయాయికుడు ఉదయనాచార్యుడి నాటికే, చర్చకు వచ్చింది. ఒక ధర్మాన్ని నిజమైన జాతిగా, అంటే సహజమైన వర్గంగా, ఒప్పుకోకుండా అడ్డుపడే ఆరు కారణాలను ఆయన లెక్కపెట్టాడు. వాటిలో సంకరం ఒకటి. భూమి, నీరు, నిప్పు, గాలి భూతాలూ అవుతాయి, పరిమితమైన ఆకృతి కలిగిన మూర్తాలూ అవుతాయి. ఆకాశం భూతమే గాని మూర్తం కాదు, మనసు మూర్తమే గాని భూతం కాదు. రెండు వర్గాలు ఒకదాన్నొకటి సగం కప్పుకున్నాయి గనుక అవి జాతులు కావన్నారు. 1880లో తర్కవేత్త జాన్ వెన్ గీసి చూపిన వలయాలు సరిగ్గా ఈ స్థితికే బొమ్మ. నైయాయికుడు దోషమని పక్కన పెట్టినదాన్ని బడి ఇప్పుడు పాఠంగా చెబుతోంది.

గోదావరి పక్కనున్న దుమ్ముగూడెం, చర్ల మండలాల కోయగూడేల్లో ఈ ప్రశ్న పండితులది మాత్రమే కాదు. ‘అడవి’ అని పైన రాసి చెట్లు, ఆహారం, ఆదాయం అని మూడు కొమ్మలు గీస్తే తునికాకు పేచీ లేకుండా ఆదాయంలోకి పోతుంది. ఇప్ప అలా పోదు. వేసవి మొదట్లో తెల్లవారకముందే ఏరుకొచ్చే పువ్వు ఇంట్లో తిండి, సంతలో సరుకు, కాచితే సారా, పండగనాడు వేల్పుకు పెట్టేది. గింజ పిండితే నూనె. చెట్టు పటంలో దాన్ని ఒక్క కొమ్మకు కడితే మిగతావన్నీ పిల్లవాడు ఇంటి దగ్గరే వదిలి రావాలి.

అంతకన్నా కష్టమైనది ప్రాణం ఉన్నవి, లేనివి అనే పట్టిక. కోయల ఇలవేల్పులకు గుర్తుగా పడిగె ఉంటుంది. అది త్రికోణాకారపు గుడ్డ. దాని మీద వంశ మూలపురుషుల బొమ్మలు వరసగా ఉంటాయి. పాఠ్యపుస్తకం లెక్కన అది ప్రాణం లేని వస్తువు. ఇంటి లెక్కన అది వేల్పు. గోదావరి స్నానానికి తీసుకెళతారు, కొలుపులు చేస్తారు. కొలుపులో డోలీలనే కథకులు డోలు వాయిస్తూ ఆ బొమ్మల్ని బట్టే వంశ కథ చెబుతారు. మణుగూరు మండలం కూనవరం వాసి, 2022లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూసిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో అందరికీ తెలిసిన పేరు. పడిగె మీద కథంతా ఉండదు. కథ ఎక్కడ మలుపు తిరుగుతుందో ఉంటుంది. చెప్పేవాడు లేకపోతే చూసేవారికి అవి ఉత్త బొమ్మలు. ఆ రకంగా బడి బోర్డు మీది పటమూ అంతే, గీసినవారు మాట కలపకపోతే గీతలే మిగులుతాయి.

పడిగె వెనక ఒక వర్గీకరణ కూడా ఉంది. ఇక్కడి కోయ సమాజం మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా గట్టులుగా ఏర్పడింది. ఇంటిపేరు చెబితే గట్టు తెలుస్తుంది, గట్టును బట్టి వేల్పు, వేల్పును బట్టి ఎవరు అన్నదమ్ములో, ఎవరితో వియ్యం కుదురుతుందో తెలుస్తుంది. ఒకే గట్టులో పెళ్లిళ్లుండవు. బడిలో గీయించే వంశవృక్షం తాతతోనో ముత్తాతతోనో ఆగుతుంది, పక్క ఊరి అన్నదమ్ముల్ని చూపించదు. ఈ పిల్లలకు వంశం నేర్పాలంటే గట్టుకొక నిలువు గడి చొప్పున గీసిన పట్టికే నయం.

ఇక అసలు ప్రశ్న: పటం చూశాక వదిలేయాల్సిందా, నిలుపుకోవాల్సిందా? పెళ్లిలో అరుంధతిని చూపేటప్పుడు ముందు పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని అరుంధతి అంటారు, చూపు అక్కడికి చేరాక అది కాదని అసలుదాన్ని చూపుతారు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ ఉదాహరణనే తీసుకున్నారు. తరగతి గది పటాలు ఈ కోవకు చెందినవి, చెరిపేయడానికే గీసేవి. పడిగె అలా కాదు. దాన్ని దాటి చేరాల్సిన వేల్పు మరెక్కడో లేదు. రెండూ బొమ్మలే అయినా వాటి మీది నమ్మకాలు వేరు, రెంటినీ ఒకే గాటన కట్టడం తేలిక గాని సరికాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషా బోధనలో ఎంచుకున్న 8 గిరిజన భాషల్లో కోయ ఒకటి. దాంతో ఇంటి మాట బడిలోకి వచ్చింది. గడి మీద రాసే పేరు కోయలో ఉన్నా ఆ గడిని ఎందుకు అలా విడదీశారన్న ప్రశ్న మాత్రం భాష మార్చినంత మాత్రాన తీరదు. దానికి దగ్గరి దారి, పట్టిక పైన ‘ప్రాణం ఉన్నవి’ అని ఊరుకోకుండా ‘తినేవి, పెరిగేవి, పిల్లల్ని కనేవి’ అని కొలతను కూడా రాయడం. ఆ కొలతకు పడిగె గుడ్డ రెండో గడిలోకి వెళుతుంది, దాన్ని వేల్పు కాదని ఎవరూ అననక్కర్లేదు. పిల్లవాడు పక్కనే ‘మేం కొలిచేవి’ అని ఇంకో వలయం గీసి అందులో పడిగెనూ ఇప్పచెట్టునూ కలిపి పెట్టవచ్చు. ఉదయనుడు ఆ వలయాన్ని జాతిగా ఒప్పుకోడు. రెండో తరగతికి ఆయన ఒప్పుకోలు అవసరం లేదు.