ఉల్లిపాయ లెక్క

ఉల్లిపాయ తరగడం మనకేం కొత్త కాదు. కానీ మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఒలిచే ఉల్లిపాయ వేరు సుమండీ! ఒక పొర విప్పితే తర్వాతి పొరకి సూచనా, మళ్ళీ గజిబిజి అక్షరాలూను. నాలుగు బైట్లను అయిదు అక్షరాలుగా మార్చి రాస్తారట.

మూడో పొర దగ్గర నేనూ కుర్చీ లాక్కున్నాను. బైటంటే ఎనిమిది బిట్లు, అన్నీ సున్నాలూ ఒకట్లే. ఏడు బిట్లు సమాచారం, ఎనిమిదోది సాక్షి. మొత్తం ఒకట్లు సరిసంఖ్య అయ్యేలా దాన్ని పెడతారు. బేసి వచ్చిందా, ఆ బైటు చెడిపోయినట్టే, పారెయ్యాలి.

"రెండు బిట్లు తారుమారైతేనో?" అన్నాను.

"మళ్ళీ సరిసంఖ్యే వస్తుందమ్మా. తప్పు దొరకదు."

పెళ్ళిచూపుల్లో మా అక్కయ్య వయసు రెండేళ్ళు తగ్గించాం. వాళ్ళేమో అబ్బాయి జీతం పెంచి చెప్పారు. 36 ఏళ్ళ కాపురం, ఏ గొడవా లేదు. చెల్లుకు చెల్లు అంటుంది మా అమ్మ. లెక్క కుదిరితే నిజమైపోతుందా? సాక్షి బిట్టుకి ఆ తేడా తెలియదు. అక్కయ్యకి తెలుసు. అరవై నిండిన రోజున ఒక్కర్తీ గుడికెళ్ళి అర్చన చేయించుకొచ్చింది. ఇంట్లోవాళ్ళ లెక్కకి యాభై ఎనిమిదే.